ఎండిన తొట్టిలో ఎదురుచూసే ప్రాణం



మా పెరట్లో చింతచెట్టు నీడన ఒక పాత సిమెంటు తొట్టి ఉన్నది. ఒక వేసవిలో బోరు అడుగంటినందున మార్చి నెలనుండి జూన్ వరకు అందులో చుక్క నీరు లేదు. వానలు పడి బోరులో నీరు ఊరిన తరువాత తొట్టి నింపుకొన్నాము. దోమలు వాలకుండా వెంటనే పైన పలుచని గుడ్డ కూడా కట్టించాము. తొట్టి ఎండియే ఉన్నది గదా, ఇక కడగడమెందుకని కడగలేదు. మూడవ నాడు గుడ్డ విప్పి చూస్తే, నీటిలో వంకరలు తిరుగుతూ ఈదే సన్నని దోమపిల్లలు కనబడ్డాయి!

గుడ్డ ఎక్కడా చిరగలేదు. నీరు నేరుగా బోరునుండి వచ్చినదే. మరి ఈ పిల్లలు ఎక్కడనుండి వచ్చాయి? అవి బయటినుండి రాలేదు. నాలుగు నెలలుగా ఆ పొడి గోడనే అంటిపెట్టుకొని, గుడ్ల రూపంలో మన నీళ్లకోసం ఎదురుచూస్తూ ఉన్నాయి. నీరు లేకుండా ప్రాణం నిలుపుకొనే ఈ నేర్పు దోమ ఒక్కదానిదే కాదు. ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే ముందుగా మరి రెండు చిన్న ప్రాణులను చూసి వద్దాం.

మొదటిది ఉప్పునీటిది. మన కోస్తా జిల్లాల్లో రొయ్యపిల్లల హేచరీలలో పనిచేసేవారికి ఆర్టీమియా డబ్బాలు బాగా తెలుసు. డబ్బాలో ఉండేది చూడడానికి గోధుమరంగు పొడి. నిజానికి అవి రొయ్యకు దూరపు చుట్టమైన ఒక చిన్న జీవి గుడ్లు. ఒక్క గ్రాములో 2 లక్షలకు పైగా ఉంటాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సునుండి వీటిని విస్తారంగా సేకరిస్తారు. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న ఆ పొడిని ఉప్పునీటిలో వేసి గాలి పట్టిస్తే, సుమారు ఒక రోజులో ప్రాణమున్న పిల్లలు ఈదుతూ బయటికి వస్తాయి. అవే రొయ్యపిల్లలకు మేత.

తల్లి ఆర్టీమియా తీరు గమనించండి. కాలం అనుకూలంగా ఉన్నప్పుడు అది ఈదే పిల్లలనే కంటుంది. నీటిలో ఉప్పు పెరిగి, గాలి తగ్గి, కష్టకాలం వస్తున్నదని శరీరానికి తెలియగానే పద్ధతి మార్చుతుంది. పిల్లలకు బదులు గట్టి పెంకుగల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డులో పిల్ల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. గుడ్డు నీటిని దాదాపుగా వదిలివేస్తుంది. నీటికి బదులుగా ట్రెహలోజ్ అనే ఒక రకం చక్కెరను ముందే నిలువ చేసికొని ఉంటుంది. దానితోపాటు, శరీరంలోని మాంసకృత్తులు విరిగి ముద్దకట్టకుండా కాపాడే ప్రత్యేకమైన మాంసకృత్తులను కూడా సమకూర్చుకొంటుంది. నీటిలో ఉండి కూడా, ప్రాణవాయువు బొత్తిగా లేకుండా 4 సంవత్సరాలు గడిపిన ఆర్టీమియా గుడ్లు తరువాత బ్రతికి పిల్లలైనట్లు 1997లో ప్రకటించిన పరిశోధనలో తేలింది.

చక్కెర ప్రాణాన్ని ఎలా కాపాడుతుందని అడగవచ్చు. ఇంట్లో వేరుశనగ అచ్చు చేయడం చూసినవారికి చెప్పడం తేలిక. పాకం లేతగా ఉన్నంతసేపు పప్పులు అటూ ఇటూ కదులుతాయి. పాకం చల్లారి గట్టిపడితే ఎక్కడి పప్పు అక్కడే బిగిసిపోతుంది. కణంలోనుండి నీరు పోయినప్పుడు మామూలుగా దానిలోని సున్నితమైన పొరలు ఒకదానికొకటి అంటుకొని పాడైపోతాయి. ట్రెహలోజ్ ఉంటే నీరున్న చోట అది నిలిచి, గాజులా గట్టిపడి, ప్రతి భాగాన్ని ఉన్నచోటనే పట్టి ఉంచుతుంది. తిరిగి నీరు తగలగానే పాకం కరిగినట్లు కరుగుతుంది. ఆగిన పని మొదలవుతుంది.

రెండవది పురుగు. ఆఫ్రికా ఖండంలోని నైజీరియా దేశపు ఉత్తర ప్రాంతంలో పెద్ద రాతి బండలున్నాయి. వానాకాలంలో వాటి గుంటలలో నీరు నిలుస్తుంది. ఎండ కాయగానే ఇగిరిపోతుంది. ఆ గుంటల బురదలో పాలిపెడిలమ్ అనే పురుగు పిల్లదశలో నివసిస్తుంది. ఇది దోమను పోలినదే గాని కుట్టదు. గుంట ఎండినప్పుడు ఆ పిల్లపురుగు కూడా ఎండుతుంది. శరీరంలో నీరు నూటికి 3 పాళ్లకు దిగిపోతుంది. చూచినవారు అది చచ్చినదనే అనుకొంటారు. వాన పడి నీరు తగిలితే సుమారు గంటలో కదలడం మొదలుపెడుతుంది. 17 ఏళ్లు ఎండి ఉన్న పిల్లపురుగు తిరిగి లేచిందని దీనిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు తెలియజేశారు. ఆర్టీమియాకు ఆధారమైన ట్రెహలోజే దీనికీ ఆధారం. ఒకటి ఉప్పు సరస్సులోది, మరొకటి రాతి గుంటలోనిది. అయినా రెండింటి ఉపాయం ఒక్కటే.

అయితే ఇందులో ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. ఈ పిల్లపురుగును మెల్లగా, సుమారు రెండు రోజులపాటు ఎండనిస్తేనే అది బ్రతుకుతుంది. ఉన్నట్టుండి ఎండగొడితే చచ్చిపోతుంది. చక్కెర తయారు చేసికొనడానికి దానికి వ్యవధి కావాలి. కష్టాన్ని తట్టుకొనే శక్తి కష్టం ముదిరిన తరువాత వచ్చేది కాదు. దానికి ముందే సిద్ధపడవలసి ఉంటుంది.

ఇప్పుడు మన తొట్టి దగ్గరకు తిరిగి వద్దాం. నల్లని ఒంటిమీద, కాళ్లమీద తెల్లని చారలతో, పగటిపూట కుట్టే ఏడిస్ దోమను మీరందరు చూచియే ఉంటారు. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను మోసేది ఇదే. 2005 చివరలో, 2006లో మన పల్లెలను పట్టిన చికున్‌గున్యా, అది మిగిల్చిపోయిన కీళ్లనొప్పులు చాలా కుటుంబాలకు జ్ఞాపకమే. ఈ దోమ ఒక విడతకు సుమారు 100 గుడ్లు పెడుతుంది. నీటి మధ్యలో కాక, నీటిమట్టానికి కొంచెం పైన తడిగోడకు అంటిస్తుంది. వాన వచ్చి మట్టం పెరిగితే గుడ్లు తడుస్తాయన్నమాట!

పెట్టిన కొన్ని గంటలలోనే గుడ్డు నల్లబడుతుంది. సుమారు సగం రోజు గడిచేసరికి లోపలి పిల్ల చుట్టూ ఒక అదనపు పొర ఏర్పడి తేమను బయటికి పోనివ్వదు. అంతటితో సరిపోలేదు. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థ, మండీలోని ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు 2023లో ప్రకటించిన పరిశోధన ఇంకొక సంగతి తెలియజేసింది. ఎండుతున్న గుడ్డు తన లోపలి పనుల తీరునే మార్చుకొంటుంది. ఎండిపోవడంవల్ల కలిగే హానినుండి కాపాడే పాలీఎమీన్లు అనే పదార్థాలను పెంచుకొంటుంది. కొవ్వును కరిగించుకొని, మళ్లీ నీరు తగిలినప్పుడు కావలసిన శక్తిని సమకూర్చుకొంటుంది. ఈ మార్పులను మందులతో అడ్డగించినప్పుడు ఎండిన గుడ్లలో చాలా తక్కువ మాత్రమే బ్రతికి బయటపడ్డాయి.

ఈ విధంగా ఏడిస్ గుడ్డు నెలల తరబడి పొడిగోడపై నిలువగలదు. మలేరియా దోమ గుడ్లకు ఇంతటి శక్తి లేదు. కనుక నీరు పారబోస్తే చాలునన్న మన అలవాటు ఏడిస్ విషయంలో సగం పని మాత్రమే. నీటితోపాటు పిల్లలు పోతాయి గాని గోడకంటిన గుడ్లు పోవు. మేము చేసిన పొరపాటు ఇదే. ఎండినది చచ్చినదనుకొన్నాము.

మరి మనమేమి చేయాలి? గుడ్డు ఎండను ఓర్చుకొంటుంది గాని రాపిడిని ఓర్చుకొనలేదు. గరుకైన చీపురుతోగాని, కొబ్బరి పీచుతోగాని తొట్టి గోడలను పైఅంచువరకు గట్టిగా రుద్దాలి. రుద్దిన నీళ్లను మురుగు కాలువలో కాక ఎండ తగిలే పొడినేలమీద పోయాలి. గుడ్డు పగిలి దోమగా ఎగరడానికి వారం పదిరోజులు పడుతుంది గనుక ఈ పని వారానికొకసారి తప్పక చేయాలి. ఆరోగ్యశాఖవారు చెప్పే ‘డ్రై డే’ ఉద్దేశ్యం ఇదే. అయితే ‘డ్రై’ అంటే ఆరబెట్టడమే కాదు, రుద్ది ఆరబెట్టడమని జ్ఞాపకముంచుకొనండి.

తొట్టి ఒక్కటే కాదు. కుడితి తొట్టి, కోళ్లు త్రాగే మూకుడు, పూలకుండీల క్రింది పళ్లెం, పాత టైరు, వాడని రోలు, ఫ్రిజ్ వెనుక నీరు చేరే అర ఇవన్నీ చూడండి. మరొక చోటు మనం తరచు మరచిపోతాము. సమాధుల తోటలో పూలు పెట్టడానికి ఉంచిన సీసాలు, గిన్నెలు వానకు నిండి అలాగే ఉండిపోతాయి. మనవారి జ్ఞాపకార్థం పెట్టిన పాత్ర మన పిల్లలకు జ్వరం తేకూడదు గదా! అందులో నీటికి బదులు తడి ఇసుక పోసి పూలు గుచ్చితే సరిపోతుంది. ఈ శనివారం యువకులు నలుగురు చీపుళ్లు పట్టుకొని వెళ్తే గంట పని.

ఇప్పుడు మా తొట్టికి ఒక చీపురు కట్టి ఉన్నది. వారానికొకసారి ఇంట్లో పిల్లలే రుద్దుతున్నారు. అంచు దగ్గర నల్లని చుక్కలు కనిపిస్తే “ఇదిగో, నిద్రపోతున్నాయి!” అని మమ్మును కేకవేస్తారు. అవి మేలుకొనకముందే మనం మేలుకొనాలి.