దెయ్యం ఎవరు? భయం ఎవరికి?

ఉత్తమ చలనచిత్రాల వరుసలో ఈ కాలపు భయానక చిత్రాలకు చోటున్నదా, ఉంటే వేటికి అన్న వాదన మన విద్యార్థి మిత్రుల్లో జోరుగా సాగుతున్నది. మా భీమవరం కుర్రవాళ్ళు క్లాసు మానినా ఈ వాదన మానరు. ఒకరికి ‘అరుంధతి’, మరొకరికి ‘విరూపాక్ష’, ఇంకొకరికి ‘మసూద’. అందరి చేతిలోనూ కొలబద్ద ఒక్కటే: ఎంతగా భయపెట్టింది? ఇటు మన సాహితీ మిత్రుల్లో పెద్దలు కొందరు, దెయ్యమే లేనప్పుడు దెయ్యాల సినిమాల్లో మేలురకం, నాసిరకం ఏమిటని కొట్టిపారేస్తున్నారు. ఈ రెండు వైఖరులూ తప్పేనని నా వాదన.

ముందు పెద్దల మాట చూద్దాం. వారి కోపానికి చరిత్ర ఉన్నది. 1980 దశకంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలు వారపత్రికల ద్వారా చేతబడిని ఇంటింటికీ చేర్చినప్పుడు, ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అంటూ రంగనాయకమ్మ కలం పట్టారు. క్షుద్ర సాహిత్యం అన్న మాట ఆనాటి వాదాల్లోనే మనకు బాగా అలవాటయింది. ఆ పోరాటం అవసరమైనది, న్యాయమైనది. అయితే దాని నుంచి, భయాన్ని చిత్రించే ప్రతి రచనా క్షుద్రమే అన్న సూత్రం లాగటం అన్యాయం. భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. అప్పుల వాడి గడప తొక్కే రైతుకు, పొద్దుపోయి ఒంటరిగా ఇంటికి నడిచే ఆడపిల్లకు భయం నిత్యానుభవం. జీవితంలో ఉన్నది కళలో ఉండరాదంటే ఎట్లా? 1957లో ‘మాయాబజార్’ చూసిన వాడెవడూ ఘటోత్కచుడి కోసం అడవులు గాలించలేదు. కల్పనను కల్పనగా స్వీకరించే తెలివి ప్రజలకు లేదనుకోవటం పండితుల అహంకారమే.

కాని ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. ఘటోత్కచుడి పేరు చెప్పి ఎవరూ ఎవరినీ చంపటం లేదు; చేతబడి పేరు చెప్పి చంపుతున్నారు. బాణామతి నెపం మోపి మనుషుల పళ్ళూడగొట్టటం, నిలువునా తగలబెట్టటం తెలుగు పల్లెలు ఎరగనివి కావు. ఇదంతా చదువురాని వాళ్ళ సంగతి అనుకుంటే 2021 జనవరిలో మదనపల్లెలో జరిగినదాన్ని తలచుకోండి. ఇద్దరు ఎదిగిన కూతుళ్ళు సొంత ఇంట్లో హతులైతే, ఆ కేసులో అరెస్టయినది ఉన్నత విద్యావంతులైన తల్లిదండ్రులు. చనిపోయిన పిల్లలు మళ్ళీ బ్రతికి వస్తారని వారు నమ్మినట్లు పోలీసులు చెప్పారు. పాఠాలు చెప్పే మనందరి గుండెల్లో పడవలసిన రాయి అది. నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టు 20న పూనాలో హత్యకు గురి అయితే గాని, ఆయన ఏళ్ళ తరబడి అడిగిన చట్టం మహారాష్ట్రలో రాలేదు. కనుక ప్రాణమున్న మూఢనమ్మకాన్ని వస్తువుగా తీసుకునే కళాకారుడి బాధ్యత, పురాణ కల్పనను తీసుకునే వాడి బాధ్యత కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

ఇక విద్యార్థుల కొలబద్ద. “వెన్ను జలదరించింది మాస్టారూ, అంతకన్నా ఏం కావాలి?” అంటారు. అయ్యా, చీకట్లో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసినా వెన్ను జలదరిస్తుంది. అది కళ కాదు. నేను అడిగేది ఇది: ఈ చిత్రం నన్ను ఎవరిని చూసి భయపడమంటున్నది? హాలు బయటికి వచ్చాక ఆ భయం ఎవరి మీద వాలుతున్నది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ భయానక చిత్రానికీ ఉత్తమ పీఠం వెయ్యరాదు.

ఈ గీటురాయి మీద మన చిత్రాలను గీసి చూద్దాం. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ శిల్పంలో తెలుగు సినిమాకు కొత్త పాఠం. పాడుబడ్డ కోట, మంటలు కక్కే భూతం అక్కరలేకుండా, మామూలు మధ్యతరగతి ఇంట్లో, రేవతి చూపులోంచి, శబ్దంలోంచి భయం పుట్టించాడు. కాని కథ ముడి విప్పటానికి వచ్చేది మాంత్రికుడే. అంత నవ్యమైన కెమెరా చివరికి మోసుకెళ్ళింది పాతకాలపు భూతవైద్యుడి దగ్గరికే. శిల్పానికి నమస్కారం, సారానికి కాదు.

కోడి రామకృష్ణ 2009లో తీసిన ‘అరుంధతి’ సంగతి ఇంతకన్నా గట్టిగా మాట్లాడాలి. గద్వాల సంస్థానపు కోట, పశుపతి ప్రేతం, జేజమ్మ ఆత్మార్పణ. ఒక స్త్రీ ఖడ్గం పట్టి నిలబడటం మెచ్చుకోదగ్గదే. అనుష్క నటన జనం ఊరికే మెచ్చలేదు. అయినా కథ పునాది చూడండి. పశుపతి ఆ రాజకుటుంబపు అల్లుడు. చెరచటానికీ చంపటానికీ వాడికి ధైర్యమిచ్చింది ఆ కోట ఇచ్చిన అధికారమే. కాని చిత్రం వాణ్ణి అఘోరాల మధ్యకు పంపి, తాంత్రికుణ్ణి చేసి, మన భయాన్నంతా ఆ వేషం మీదికి మళ్ళిస్తుంది. కోట మాత్రం పవిత్రంగానే మిగిలిపోతుంది. ప్రజలు చెయ్యగలిగింది జేజమ్మ మళ్ళీ పుట్టేదాకా ఎదురుచూడటమే! తెలంగాణలో జనం గడీని చూసి వణికింది దెయ్యాల వల్ల కాదు, వెట్టి వల్ల. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఆ భయాన్ని ఎదిరించిన చరిత్ర. దొరతనానికి విభూతి పూసి దెయ్యాన్ని మాత్రం తగలబెట్టే చిత్రం ఆ చరిత్రకు వెన్ను చూపినట్లే.

ఇలాంటి భవంతినే మలయాళంలో రాహుల్ సదాశివన్ 2024లో ‘భ్రమయుగం’లో చూపించాడు. పదిహేడో శతాబ్దం, శిథిలమైన బ్రాహ్మణ గృహం, దాస్యం తప్పించుకుని పారిపోతూ ఆకలితో వచ్చిపడిన పాణన్ కులపు గాయకుడు. ఇంటి యజమాని పాచికలాటలో అతని కాలాన్నే పణంగా పెట్టించి గెలుచుకుంటాడు. ఆపైన ఆ ఇంటి గుమ్మం దాటటం అతని వశంలో ఉండదు. మంత్రం ఉన్నది, భూతం ఉన్నది. అయినా మనం వణికేది అధికారాన్ని చూసి. ఆ అధికారం చేతులు మారినా అధికారంగానే మిగులుతుందన్న కఠిన సత్యాన్ని చూసి. ఒకే రకపు భవంతి మీద రెండు చిత్రాలు ఇచ్చిన తీర్పులివి. దెయ్యం ఉండటం తప్పు కాదని, దెయ్యానికి ఏ పని అప్పగించారన్నదే లెక్క అని ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

‘విరూపాక్ష’ (2023) మొదట్లో నాకు ఆశ కలిగించిన మాట నిజం. 1979లో రుద్రవనం ఊరి జనం చేతబడి అనుమానంతో భార్యాభర్తలను చెట్టుకు కట్టి తగలబెడతారు. అసలు భయానకం అదే! గుంపు చేసిన హత్యను విచారణకు పెట్టి ఉంటే కార్తీక్ దండు గొప్ప చిత్రం తీసి ఉండేవాడు. కాని కథ నడిచిన కొద్దీ శాపం ఫలిస్తుంది, క్షుద్రవిద్య పనిచేస్తుందని తేలుతుంది. హంతకుల ఊరు బాధితుల ఊరై కూర్చుంటుంది. చేతబడి చంపుతుందన్న నమ్మకంతోనే ఆ దంపతులను చంపారు. ప్రేక్షకుడు అదే నమ్మకాన్ని గట్టిపరచుకుని ఇంటికి వెళతాడు. ‘మసూద’ (2022) ఒంటరి ముస్లిం తల్లి ఆరాటాన్ని ఆదరంతో చూపింది. పొరుగింటి హిందూ యువకుడు భయపడుతూనే ఆమెకు తోడు నిలవటం ఈ రోజుల్లో చిన్న సంగతి కాదు. కాని భయానికి బురఖా తొడగటం దగ్గర అది తడబడింది. వీధిలో బురఖాను అనుమానంగా చూడమని రోజూ నూరిపోస్తున్న కాలంలో ఆ వేషం కేవలం వేషం కాదని దర్శకుడు సాయికిరణ్ ఆలోచించవలసింది.

మరి ఏవి నిలుస్తాయి? తెలుగులో నా ఓటు చాలామంది నవ్వి వదిలేసిన ‘ఆనందో బ్రహ్మ’కు (2017). మహి వి. రాఘవ్ అందులో ఒక్క తిరగలి తిప్పాడు: దెయ్యాలే మనుషులను చూసి భయపడతాయి. ఇల్లు అమ్ముకోవాలని విదేశం నుంచి వచ్చిన కొడుకు; డబ్బవసరం ప్రాణభయాన్ని మింగేసిన నలుగురు బీదవాళ్ళు. వాళ్ళను ఏ దెయ్యం బెదిరించగలదు? హాస్యం అక్కడక్కడా మోటుగా ఉన్నది, కాదనను. కాని భయం మంత్రంలో లేదు, ఆస్తిలోనూ అవసరంలోనూ ఉన్నదన్న మాట ఇంత సూటిగా చెప్పిన తెలుగు భయానక చిత్రం నేను చూడలేదు. దాని పక్కన ‘భ్రమయుగం’, ధనదాహమే పిశాచమైన రాహీ అనిల్ బర్వే ‘తుంబాడ్’ (2018), దెయ్యమే లేకుండా నల్లవాడి శరీరం మీద తెల్లవాడి ఆశను చూపి ఆస్కార్ గెలిచిన జోర్డన్ పీల్ ‘గెట్ అవుట్’ (2017) నిలుస్తాయి. ఇదీ నా పట్టిక.

దెయ్యం లేని భయాలు మన డెల్టాలోనూ ఉన్నవి. భీమవరం పక్కన తుందుర్రు జనం ఆక్వా ఫుడ్ పార్కు తమ గొంతేరు కాలువను విషం చేస్తుందని భయపడి ఎదురు తిరిగితే, 2016లో ఊళ్ళ మీద 144వ సెక్షన్ పెట్టారు, అరెస్టులు చేశారు. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గరి ఆక్వా కర్మాగారంలో ట్యాంకులోని విషవాయువు ఐదుగురు కార్మికుల ప్రాణాలు తీసింది. ఆ ట్యాంకు అంచున నిలబడి లోపలికి చూసే ధైర్యం ఏ తెలుగు కెమెరాకూ ఇంతవరకు కలగలేదు. శ్మశానాల్లో అర్ధరాత్రి తిరగటానికి మాత్రం డజన్ల కొద్దీ కెమెరాలున్నవి.

అధ్యాపక మిత్రులకు నా మనవి ఇది. విద్యార్థుల వాదనను ఆపకండి, అందులో దిగండి. ఏది ఎక్కువ భయపెట్టింది అని వారు అడిగినప్పుడు, ఎవరి పక్షాన నిలబడి భయపెట్టింది అని తిరిగి అడగండి. ఆ ప్రశ్న నేర్చుకున్న కుర్రవాడు రేపు తన ఊళ్ళో ఎవరో ఒక ముసలమ్మను వేలెత్తి చూపి చేతబడి అన్నప్పుడు, గుంపులో కలవకుండా ఆమె గుమ్మం ముందు అడ్డంగా నిలబడతాడు.