గడువు తీరిన పాయింట్లు ఎవరి సొమ్ము?

వినియోగదారుల హక్కులపై వ్యాసం రాయమంటే మనం కల్తీ, తూకాల మోసం దగ్గరే ఆగిపోతాం. ఈసారి బట్టల షోరూము కౌంటర్ దగ్గర నిలబడి ఆలోచించండి. బిల్లు కొట్టే ముందే మొబైల్ నంబర్ అడుగుతారు. ఎందుకంటే "పాయింట్లు వస్తాయి" అంటారు. మనం దాన్ని కానుక అనుకుంటాం.

లెక్కల పుస్తకం అలా అనుకోదు. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 ప్రమాణం ప్రకారం, ఇలాంటి పాయింట్లు ఇచ్చిన కంపెనీ మీరు కట్టిన ధరలో కొంత భాగాన్ని వాటి కింద విడదీసి, తీర్చాల్సిన బాధ్యతగా చూపాలి. అంటే ఆ డబ్బు మీరు ముందే కట్టేశారు. గడువు తీరితే ఆ బాధ్యత పోయి, ఆ మొత్తం కంపెనీ ఆదాయంలో చేరుతుంది.

నష్టపోయేది ఎవరు? భిలాయ్‌నే తీసుకోండి. 1955లో సోవియట్ ఒప్పందంతో మొదలై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరికి ఉక్కు పని కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చాయి. ఇప్పుడిది కోచింగ్ ఊరు కూడా. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో హాస్టల్లో ఉండే కుర్రాడు 2,000 రూపాయల బట్టలు కొంటే 100 పాయింట్లు వచ్చాయనుకుందాం. గడువు 60 రోజులు. వాడాలంటే మళ్ళీ కనీసం 1,500 రూపాయల బట్టలు కొనాలి. వంద మిగుల్చుకోవడానికి పద్నాలుగు వందలు ఖర్చు! పండక్కి మాత్రమే కొనేవాడి పాయింట్లు మురిగిపోతాయి, నెలనెలా కొనేవాడు వాడుకుంటాడు. తక్కువ కొనేవాడి సొమ్ముతో ఎక్కువ కొనేవాడికి రాయితీ అన్నమాట.

పాత ఖాతా పుస్తకం గుర్తుందా? జీతాలొచ్చే దాకా కొట్టువాడే మనకు అప్పు పెట్టేవాడు. ఇప్పుడు మనమే కొట్టుకు వడ్డీ లేని అప్పిస్తున్నాం, పైగా ఫోన్ నంబరుతో సహా.

చట్టం ఏం చేస్తోంది? 2023 మేలో వినియోగదారుల వ్యవహారాల శాఖ, నంబర్ కోసం పట్టుబట్టవద్దని దుకాణాలకు సూచించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 9వ సెక్షన్, 18 ఏళ్ళ లోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది, వారిపై నిఘా పెట్టి ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధిస్తుంది. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 మాయోపాయాలను పేర్కొన్నాయి. అందులో మొదటిది తప్పుడు తొందర పెట్టడం. కానీ "ఈ రాత్రితో మీ పాయింట్లు పోతాయి" అనే మెసేజ్ ఆ వలకు చిక్కదు. గడువు నిజమే కదా, కొట్టువాడే పెట్టుకున్నాడు!

"తగ్గింపు ఇవ్వడం కూడా తప్పేనా?" అని మీరు అడగవచ్చు. కాదు. ఇవ్వదలిస్తే బిల్లులోనే తగ్గించండి. పాయింట్లే ఇస్తామంటే గడువు, కనీస కొనుగోలు షరతు తీసేయండి. ఒక పాయింటు ఎన్ని పైసలో బిల్లు మీద అచ్చు వేయండి. నంబర్ ఇవ్వని వాడికీ అదే ధర ఇవ్వండి. ఇంటర్ పిల్లల్ని ఈ లెక్కలోకి లాగకండి.

విధేయత కొనేవాడి నుంచి ఆశించే ముందు అమ్మేవాడు చూపాలి. జీఎస్-4లో వ్యాపార నైతికత మీద ప్రశ్న వస్తే, అక్కడి నుంచే మొదలుపెట్టండి.