వీడియో వస్తేనే వైద్యమా?

పస్తం మొగిలయ్య 2024 డిసెంబరు 19న వరంగల్‌లో కన్నుమూశారు. ‘బలగం’ సినిమా చివర్లో భార్య కొమురమ్మతో కలిసి పాడి ఊళ్లకు ఊళ్లనే ఏడిపించిన బుడగజంగాల కళాకారుడాయన. ఆరు నెలలు తిరక్కముందే తెలంగాణ ప్రభుత్వం ఆ సినిమాను 2023 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఎంపిక చేసి, ప్రజాగాయకుడు గద్దర్ పేరిట పురస్కారం ఇచ్చింది. ఆ గద్దర్ 1997లో తగిలిన తూటాల్లో ఒకదాన్ని 2023లో చనిపోయేదాకా ఒంట్లోనే మోసిన మనిషి. పాటను నెత్తిన పెట్టుకోవడం మన సర్కార్లకు బాగా వచ్చు. పాడేవాడికి జబ్బు చేస్తే ఏం చేయాలన్నదానికి మాత్రం ఈనాటికీ ఒక పద్ధతంటూ లేదు. ఈ తప్పు ఏ ఒక్క పార్టీదో కాదు. మొగిలయ్య జబ్బు ఒక ప్రభుత్వ హయాంలో లోకానికి తెలిసింది, మరణం ఇంకో ప్రభుత్వ హయాంలో జరిగింది. ఇద్దరూ దోషులే.

ఆయన చేసిన పనేమిటో ముందు సరిగ్గా చెప్పుకోవాలి. ‘గాయకుడు’ అని రాసి సరిపెట్టడం పత్రికలు చేసే అన్యాయం. చావు జరిగిన ఇంటికి బుడగజంగాలు వెళ్తారు. పోయిన మనిషి పేరు, కొడుకులు, బిడ్డలు, చేసిన సేద్యం, పడ్డ కష్టం అడిగి తెలుసుకుంటారు. ఆ ఇంటి సంగతులనే ఆ ఇంటివాళ్ల ముందు అప్పటికప్పుడు పాటగా కడతారు. ముందు రాసుకున్న కాగితం ఉండదు. వరస తాతలనాటిది, మాట ఆ పూటది. కవి, స్వరకర్త, గాయకుడు ముగ్గురూ ఒక్కరే. ‘బలగం’లో పిండం ముట్టని కాకి కోసం ఎదురుచూస్తూ ఎడమొహం పెడమొహంగా ఉన్న కుటుంబం ఆ పాటకే కరిగిపోతుంది. సినిమా బయట ఊళ్లలో తెరలు కట్టుకుని చూసిన జనమూ అలాగే కరిగారు.

అలాంటి మనిషికి మధుమేహం వచ్చింది, రెండు కిడ్నీలూ చెడిపోయాయి, చూపు మందగించింది. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీదే. తాగే నీళ్లకు కొలత ఉంటుంది. దాహమేసినా గుక్కెడుతో ఆగాలి. ఒంట్లో నీరు చేరితే ఆయాసం. రాత్రంతా కథ చెప్పే మనిషికి గొంతు తడుపుకోవడమూ లెక్క చూసుకుని చేయాల్సిన పని అయితే, ఆ కథ అక్కడితో ఆగినట్టే. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది, నిజమే. ఆ మేరకు ప్రభుత్వానికి మార్కులు వేయాల్సిందే. కానీ ఆయన ఊరు దుగ్గొండి నుంచి వరంగల్‌కు రానూపోనూ బండి కిరాయి ఎవరు భరించాలి? వెంట వచ్చే మనిషి ఆ రోజు కూలి ఎవరు ఇవ్వాలి? ఇది జంటగా పాడే పాట. ఆయన మంచం పడితే ఆమె పాట కూడా ఆగుతుంది. ఒక్కరి జబ్బుకు ఇంట్లో రెండు సంపాదనలు పోతాయి. దీన్ని లెక్కగట్టే గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

మొగిలయ్య దుస్థితి టీవీల్లో, ఫోన్లలో కనిపించాకే కదలిక వచ్చింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స, నాయకుల భరోసా, సినిమా వాళ్ల సాయం. చేసినవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. వాళ్ల చేయి చల్లగుండాలి. తప్పల్లా సాయం కెమెరా వెంట నడవడంలో ఉంది. ఆ సినిమాలో పాడకపోయి ఉంటే ఆయన కిడ్నీలు ఎవరికీ పట్టేవి కావు. ఆయనలాంటి జబ్బుతోనే ఏ సినిమాలోనూ పాడని మనిషి పక్క మండలంలో మంచం పట్టి ఉంటే, ఆ సంగతి జిల్లా యంత్రాంగానికి తెలిసే దారేది?

పేరుప్రతిష్ఠలు వచ్చినా గ్యారంటీ లేదని ఇంకో మొగిలయ్య కథ చెబుతోంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివారులో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. నెలనెలా రావాల్సిన పది వేల గౌరవ భృతి ఆగిపోయిందని, ఇంట్లో మందుల ఖర్చు మోయలేకపోతున్నానని ఆయనే చెప్పుకున్నారు. అక్కడా వీడియో వచ్చాకే నాయకులు కదిలారు. ఇది పాలన అనిపించుకోదు.

‘కూలోడికి కిడ్నీలు లేవా, పాటగాళ్లకే ఎందుకు ప్రత్యేకం?’ అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది. ఈ పాటగాళ్లను ప్రభుత్వం వాడుకుంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం పాటల సభలు నడిపింది వీళ్ల గొంతులే. రాష్ట్రం వచ్చాక పథకాల ప్రచారానికి సాంస్కృతిక సారథి పెట్టి ఊరూరా పాడించిందీ జానపద కళాకారులచేతే. వాడుకున్నవాడికి బాకీ ఉంటుంది.

సినిమా పరిశ్రమ బాకీ వేరే. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం 38ఏ సెక్షన్ ప్రకారం, తమ ప్రదర్శనను వాణిజ్యానికి వాడుకుంటే గాయకులకు రాయల్టీ అడిగే హక్కుంది. పల్లె నుంచి వచ్చి ఒక పాట పాడి వెళ్లే కళాకారుడికి ఆ సెక్షన్ సంగతి చెప్పేదెవరు? చేతిలో పెట్టిన డబ్బే ఆఖరు. అదే ‘బలగం’ను ఊళ్లలో ఉచితంగా చూపిస్తుంటే నిర్మాణ సంస్థ అభ్యంతరం చెప్పింది. తన హక్కు దాకా వస్తే చట్టం ఎంత బాగా గుర్తుంటుందో! తెలుగులో రాసిన, చదివి వినిపించిన ఒప్పందం లేకుండా ఏ జానపద కళాకారుడి గొంతూ రికార్డు చేయకూడదని ఫిల్మ్ చాంబర్ తనంతట తానే నిబంధన పెట్టుకోవాలి.

ఇక అసలు వైఫల్యం డయాలసిస్‌కు ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుంది. చక్కెర వ్యాధి చప్పుడు లేకుండా కిడ్నీలను తినేస్తుంది. ఏడాదికోసారి రక్తంలో చక్కెర, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూస్తే ముందే పట్టుకోవచ్చు. లక్షలేమీ కావు. ఊళ్లు తిరిగి కథలు చెప్పుకునేవాళ్లు ఆశా కార్యకర్త వచ్చిన రోజున ఇంట్లో ఉండరు. వాళ్లను వెతికి పట్టుకునే పని ఎవరికీ అప్పగించలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు ఇస్తుంది. అరవై ఏళ్లు నిండాలి, ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. రాష్ట్రం ఇచ్చే కళాకారుల పింఛను 3,016. ఈ డబ్బు కోసం ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని తిరగాల్సింది కంటి చూపు తగ్గిన మనిషి.

భాషా సాంస్కృతిక శాఖ ముందుగా ఒక పని చేయాలి. మండలాలవారీగా జానపద కళాకారుల జాబితా బయటపెట్టాలి. ఎవరికి పింఛను వస్తోంది, చివరిసారి ఏ నెలలో జమైంది, ఎవరు డయాలసిస్‌పై ఎన్నాళ్లుగా ఉన్నారు అన్న లెక్కలు ఆ శాఖ దగ్గర ఉండాలి. రోగుల పేర్లు బయట పెట్టనక్కర్లేదు, సంఖ్యలు చాలు. డయాలసిస్‌కు వెళ్లే కళాకారుడికి రవాణా ఖర్చు, తోడు వెళ్లేవారికి ఆ రోజు కూలి వచ్చే బడ్జెట్‌లోనే చేర్చాలి. తదుపరి గద్దర్ పురస్కారాలకు తేదీ ఖరారు చేసేలోగా ఈ జాబితా శాసనసభ ముందుకు రావాలి.