గుల్మార్గ్‌పై తీర్పు తొందరపాటు

సంపాదకులకు,

గుల్మార్గ్‌లో చవక స్కీయింగ్ యాత్ర డబ్బు దండగ అని తేల్చేసిన మీ వ్యాసంతో నేను ఏకీభవించను. రచయిత వెళ్లింది 2024 జనవరిలో. ఆ నెల దాదాపు అంతా అక్కడ మంచు లేదు. ఎండుగడ్డి తేలిన వాలుల ఫొటోలు దేశమంతా చూసింది. ఫిబ్రవరిలో మంచు దండిగా కురిశాక ఖేలో ఇండియా శీతాకాల క్రీడల స్కీయింగ్ పోటీలు జరిగింది అక్కడే. ఆకాశం చేసిన అన్యాయాన్ని ఊరి నెత్తిన రుద్దితే ఎలా?

అసలు చెప్పాల్సింది వ్యాసంలో లేనేలేదు. చవక ప్యాకేజీల్లో చాలావాటికి స్కీలు, బూట్లు, శిక్షకుడి రుసుము, గొండోలా (కేబుల్ కారు) టికెట్ విడిగా కట్టాలి. అద్దె బూటు మరీ ముఖ్యం. బకిళ్లు బిగించి, మోకాళ్లు ముందుకు వంచి, మడమ లేవట్లేదని చూసుకున్నాకే డబ్బివ్వాలి. మా పిల్లలకు లోపల తడిసిన బూట్లు అంటగడితే పోట్లాడి మార్పించాను. ఇంకో మాట: కొత్తవాళ్లకు గుల్మార్గ్ మైదానం పక్కనున్న చిన్న వాలులే చాలు. గొండోలా రెండో దశ దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడి నుంచి జారడం ఆరితేరినవాళ్ల పని. 2024 ఫిబ్రవరిలోనే మంచు చరియలు విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు.

మధ్యతరగతి కుటుంబాలను వెళ్లొద్దనే బదులు ఈ వివరాలు అచ్చువేయండి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ