వంద మొక్కలు – ఎన్ని రకాలు?



మొన్న వనమహోత్సవం నాడు మన హాస్టల్ వెనక 100 మొక్కలు నాటాం. బోర్డు మీద ఆ అంకె రాసి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తర్వాత నీళ్లు పోస్తూ లెక్కపెడితే 96 జామాయిల్ మొక్కలే! ఇప్ప, నేరేడు, మారేడు, తునికి ఒక్కొక్కటే ఉన్నాయి.

"ఐదు రకాలున్నాయి కదరా, ఇంకేం కావాలి?" అన్నాడు నా పక్క మంచం దోస్తు.

1949లో సింప్సన్ అనే ఆయన ఒక సులువైన కొలత చెప్పాడు. కళ్లు మూసుకుని రెండు చెట్లు ముట్టుకోవాలి. అవి వేర్వేరు రకాలయ్యే అవకాశం ఎంత? మన తోటలో వందసార్లు ముట్టుకుంటే సుమారు 92 సార్లు రెండూ జామాయిలే తగులుతాయి. అదే ఐదు రకాలూ ఇరవయ్యేసి నాటి ఉంటే, సుమారు 80 సార్లు వేర్వేరువి తగిలేవి. మొక్కలు అవే వంద, రకాలు అవే ఐదు. ఎంత తేడానో చూడండి!

దేశం లెక్కలోనూ ఇదే చిక్కు. హెక్టారు దాటిన నేల మీద 10 శాతం చెట్ల నీడ ఉంటే, తోటైనా సరే అడవి విస్తీర్ణంలో కలుపుతారు. కానీ జామాయిల్ తోటలో ఇప్పపువ్వు రాలుతుందా? మా అమ్మ ఏం ఏరుకోవాలి?

ఈ లెక్క అడవి శాఖ ఒక్కదాని పనీ కాదు. 1992 – 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒక్కటి మిగిలాయి. వాటిని ఎవరూ వేటాడలేదు. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసంతో పాటు వాటి కడుపులోకి పోయి మూత్రపిండాలు పాడుచేసింది. పక్షుల్ని లెక్కపెట్టినవాళ్లు ఉండబట్టే అవి తగ్గిపోయిన సంగతి బయటపడింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అందుకే పశువైద్యం, సేద్యం, రోడ్లు – ఏ పని చేసేవాళ్లయినా ముందూ తర్వాతా జీవాల్ని లెక్కపెట్టాలంటాను.

అయితే అంకెకు అన్నీ తెలియవు. సింప్సన్ లెక్కలో ఇప్పా జామాయిలూ ఒకటే. ఏ చెట్టు దేనికి పనికొస్తుందో మా తాతకు తెలుసు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీకో ప్రజా రిజిస్టరు ఉండాలి. అందులోకి ఎక్కాల్సింది ఆ తెలివే.

వార్డెన్ సార్! వచ్చే ఏడు "ఎన్ని మొక్కలు" అని కాక "ఎన్ని రకాలు, ఏది ఎన్ని" అని అడగండి. మాకో నోటు పుస్తకం ఇప్పించండి. తమ్ముళ్లూ! సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్లను అడిగి, తలా పది చెట్ల పేర్లు మన భాషలోనే రాసుకు రండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి