తప్పు పేకది కాదు, లెక్కది

పందెం లేకుండానే గుండె దడ పుట్టించే పేకాట ఒకటుంది. అందులో ఎదగాలంటే కావాల్సింది మంచి ముక్కలు కాదు, మంచి అలవాట్లు

షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి చదరంగం బల్ల ముందు కూర్చుంటే ఇంట్లోవాళ్లు కాఫీ తెచ్చిస్తారు. అదే మనిషి పేక దస్తా బయటికి తీస్తే ముఖం చిట్లిస్తారు. శ్రీకాకుళం పల్లెలోనైనా, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని అక్కడి నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలున్న భిలాయిలోని రుఆబాంధా సెక్టార్‌లోనైనా ఈ తీర్పులో తేడా ఉండదు. పేకంటే జూదం, జూదమంటే కొంప కొల్లేరు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. రమ్మీ బల్ల దగ్గర జీతం రాళ్లు వదిలేసి వచ్చినవాళ్ల కథలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఆ తర్వాత అదే బల్ల సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలపై వేటు వేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఇంకో అడుగు ముందుకేసి, నైపుణ్యమా, అదృష్టమా అన్న విచారణ లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

నిజానికి రమ్మీ విషయంలో ఆ విచారణకు తెలుగు గడ్డతోనే సంబంధం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో వెలువడిన తీర్పు మూడు ముక్కలాటను కేవలం అదృష్టమని తేల్చి, రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. అందుకు కోర్టు తెచ్చిన పోలిక బ్రిడ్జి. ముక్కలు కలిపి పంచుతారు కాబట్టి బ్రిడ్జిలో ఎంత అదృష్టం ఉందో రమ్మీలోనూ అంతే ఉందన్నది దాని సారాంశం. అంటే నైపుణ్యానికి కొలబద్దగా న్యాయమూర్తులకు గుర్తొచ్చిన పేకాట అదే.

బ్రిడ్జిలో నలుగురు రెండు జోడీలుగా కూర్చుంటారు. తలా 13 ముక్కలు. ఎన్ని పట్లు పడతామో, ఏ రంగు తురుపో ముందే వేలంలో మాటివ్వాలి. తర్వాత నిలబెట్టుకోవాలి. ఈ ఆటకు అమెరికన్ సంపన్నుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో ఇప్పటి రూపమిచ్చాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లో దీన్ని క్రీడగా గుర్తించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో కోల్‌కతా ప్రాంతానికి చెందిన 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల జోడీ విభాగంలో దేశానికి స్వర్ణం తెచ్చారు. రిటైర్మెంటు వయసులో పతకం తెచ్చే ఆటలు ఎన్నున్నాయి?

క్లబ్బు పోటీల్లో అదృష్టాన్ని చాలావరకు గుమ్మం బయటే నిలబెడతారు. పంచిన ముక్కలను కలిపేయకుండా పలకల్లో పెట్టి ఒక బల్ల నుంచి మరో బల్లకు పంపిస్తారు. అందరూ అవే ముక్కలు ఆడతారు. పక్కబల్ల మీద అదే చేతితో పది పట్లు వచ్చి, మీకు తొమ్మిదే వస్తే, 'ముక్కలు పడలేదండీ' అనే సాకు చెల్లదు. ఇంగ్లండ్‌లో క్లబ్బు ఆటగాడి తర్వాతి మెట్టు కౌంటీ జట్టు. మన దగ్గర రాష్ట్ర జట్టు. ఆ మెట్టు ఎక్కాలనుకునే వారికి పనికొచ్చే అలవాట్లు మూడు.

మొదటిది లెక్క. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున దస్తాలో మొత్తం 40 పాయింట్లు. మీ చేతిలో, బల్ల మీద పరిచిన జోడీ చేతిలో కలిపి 26 ఉన్నాయనుకోండి. ప్రత్యర్థులకు మిగిలింది 14. వారిలో ఒకరు 12 పాయింట్ల బలంతో వేలం తెరిచి ఉంటే రెండోవారి దగ్గర రెండుకు మించి ఉండవు. కనపడని రాజు ఎవరి దగ్గరుందో ఇక ఊహించక్కర్లేదు.

రెండోది వరుస. గెలవడానికి ఇంకొక్క పట్టు కావాలి. దారులు రెండు. ఒకటి, ఆసు, రాజు, రాణి సహా మీ జోడీకి ఎనిమిది డైమన్లున్నాయి; మిగిలిన ఐదూ ప్రత్యర్థుల మధ్య 3-2గా చీలితే చాలు. అందుకు అవకాశం 68 శాతం. రెండు, ఇస్పేటు రాజు అనుకూలమైన వైపు ఉండటం. అది 50 శాతం. తొందరపడి ముందు ఇస్పేటు ప్రయత్నించి ఓడితే ప్రత్యర్థులు తమ రంగు లాగేసుకుంటారు, కథ ముగుస్తుంది. అదే ముందు డైమన్లు లాగి చూసి, అవి చీలకపోతేనే ఇస్పేటు వైపు వెళితే గెలుపు అవకాశం 84 శాతం. ముక్కలు అవే, మారింది వరుస మాత్రమే. అందుకే అనుభవజ్ఞులు జోడీ చేయి బల్ల మీద పరచగానే ముక్క ముట్టుకోకుండా కాసేపు ఆలోచిస్తారు.

మూడోది అన్నిటికన్నా కష్టం. జోడీని తిట్టకపోవడం. జోడీ ముఖం చూసి భావం పట్టేయడం ఇక్కడ మోసం కింద లెక్క. అంతర్జాతీయ పోటీల్లో బల్ల మధ్య తెర కూడా పెడతారు. కాబట్టి ఏ వేలానికి ఏమిటర్థమో ముందే కూర్చుని రాసుకోవాలి, అడిగితే ప్రత్యర్థులకూ చెప్పాలి. ఆటలో పొరపాటు జరిగితే దాని సంగతి ఆఖరి పలక అయ్యాకే. మధ్యలో మందలిస్తే తర్వాతి చేయి కూడా పోతుంది. బర్ధన్, సర్కార్ ఆసియా విజేతలయ్యేనాటికి ఇరవై ఏళ్లకు పైగా కలిసి ఆడుతున్నారు. అంతకాలం ఒకరి తప్పులొకరు భరించారన్నమాట.

మూడు షిఫ్టుల ఊళ్లో ఒకే వేళకు నలుగురు ఖాళీగా దొరకడమే గండం. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు ఊరు దాటిపోయిన ఇళ్లలో మరీ కష్టం. కానీ నాలుగో చేయి కోసం వీధంతా వెతకక్కర్లేదు. జకార్తాలోనే మహిళలు, పురుషులు కలిసి ఆడిన భారత జట్టు కాంస్యం తెచ్చింది. అందులో హేమా దేవరా వయసు 67. ముఖం చిట్లించే ఇల్లాలినే ఒక సాయంత్రం నాలుగో కుర్చీలో కూర్చోమని అడగొచ్చు. బల్ల మీద డబ్బు లేదని ఆమె స్వయంగా చూస్తుంది. తర్వాత ఆయన ఆసు ఎందుకు ముందే పారేసుకున్నారని అడగడం మొదలుపెడుతుంది.