బ్రేకులో గాలి

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి కారుకు ఇంట్లో బ్రేక్ ఆయిల్ మార్చుకోవచ్చా అని నన్ను అడుగుతుంటారు. మార్చుకోవచ్చు, మార్చాలి కూడా. తేమ పీల్చుకున్న పాత ఆయిల్ ఊటీ ఘాట్ దిగేటప్పుడు మరిగిందంటే, పెడల్ నేలకు దిగిపోతుంది.

మా అబ్బాయి పెడల్ తొక్కి పట్టుకుంటాడు. నేను చక్రం దగ్గర నిపుల్ వదులు చేసి, తిరిగి బిగించాకే "వదలరా" అంటాను. ఈలోగా పైడబ్బాలో ఆయిల్ మాత్రం అడుగంటకూడదు. అడుగంటితే ఏబీఎస్ యూనిట్లోకి గాలి చేరుతుంది. చాలా కార్లలో ఆ గాలి పెడల్ తొక్కితే పోదు; మెకానిక్ స్కానర్ పెట్టి లోపలి పంపు తిప్పాల్సిందే.

అంతా అయ్యాక పెడల్ మెత్తగా ఉంటే బండిని గేటు దాటించకండి. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!